ఇరవై మూడు ముడుల ముడుపు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయలు తొమ్మిది. బోడితల ఎడ్వర్డు రాజువి ఆరు. కిరీటం పెట్టుకున్న అయిదో జార్జివి ఏడు. ఆ ఏడింటిలో ఒకటి పంది రూపాయి, అది నాది. మొత్తం ఇరవై రెండు. ఇంత పోయినా పెట్టె తెరిచి చూస్తే లోపల ఉండవలసిన ఇరవై మూడు రూపాయలూ ఉన్నాయి. తక్కెడలో వేస్తే ఇరవై మూడు తులాలూ తూగుతాయి. దొంగ పడిన ఇంట్లో ఒక్క వస్తువు తగ్గకపోతే, గవ్వంత బరువు కూడా తగ్గకపోతే, ఏం పోయిందని ఎవరితో చెప్పుకోవాలి? మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇన్నేళ్లుగా లెక్కలు రాసేదాన్ని. అంకెలు సరిపోయాయంటే మనసు ఊరుకుంటుంది. ఈ లెక్కలో అంకెలన్నీ సరిపోవడమే నన్ను ఊరుకోనివ్వడం లేదు.

ఆ రూపాయలు మా అవ్వ ముడుపు. అమ్మానాన్నలు కృష్ణగిరి పక్క రాతి క్వారీలో పనికి పోతూ, బడి కోసం నన్ను తమిళనాడు సరిహద్దున హోసూరు దగ్గరి బేరిగైలో అమ్మ పుట్టింట, అవ్వ దగ్గర ఉంచారు. అవ్వ మామగారు చింతపండు బండ్లు తోలి సంపాదించిన వెండి రూపాయలు రాగుల పాతరలో, గింజల అడుగున దాచిపెట్టాడట. ఆయన పోయాక పాతర తీస్తే బయటపడిన వాటిని అవ్వ ఖర్చు పెట్టలేదు. ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా ఒక రూపాయి తీసి, పసుపు గుడ్డలో మూటగట్టి, ఆ బిడ్డ తరఫున తిరుపతి కొండకు మొక్కేది. పుట్టిన వరసలో ముడులన్నీ ఒకే తాడుకు దండలాగా కట్టింది. మొదటి రెండూ పురిట్లోనే పోయిన ఇద్దరు మగబిడ్డలవి. మూడోది పెద్దమామది, నాలుగోది అమ్మది, అయిదోది మునిరాజు మామది. ఆ తర్వాత మనవళ్లూ మనవరాళ్లూ. కట్టిన ముడిని మళ్లీ విప్పకూడదు, విప్పేది కొండ మీదే. గుడ్డ చీకిపోతే దాని మీదే ఇంకో గుడ్డ చుట్టాలి. "రాణివి పది, బోడోనివి ఆరు, కిరీటమోనివి ఏడు" అని అవ్వ రాగులు విసురుతూ పాటలాగా అనేది. ఆమెకు చదువు లేదు. వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టేది, నేను కూడా అలాగే నేర్చుకున్నాను. ఇప్పటికీ కాలిక్యులేటరు పక్కన పెట్టుకొని నా బొటనవేలు కణుపుల మీద నడుస్తూనే ఉంటుంది.

ఆ ఇంటి వాసన చెప్పాలంటే ముందు సంగటి ఆవిరి, ఆ వెనక బస్సారు అనే చారులోకి వేయించిన ఎండుమిరపకాయ ఘాటు, ఆ వెనక అవ్వ ముక్కుపొడి. ముడుపు పెట్టెది మాత్రం వేరే వాసన. పసుపు, పాత రాగుల దుమ్ము, వాటి కింద ఎక్కడో చల్లని లోహం. ఏడాదికి ఒక్కసారే ఆ వాసన బయటికి వచ్చేది. తమిళ లెక్కన స్వామి నెల అయిన పెరటాసిలో మూడో శనివారం పిల్లలం నామాలు పెట్టుకొని, నామం పెట్టిన చెంబులు పట్టుకొని, గోవిందా అంటూ ఇంటింటికీ పోయి బియ్యం అడుక్కొచ్చేవాళ్లం. ఆ బియ్యంతో వండి స్వామికి పెట్టిన తర్వాత ముడుపు తూకం. మునిరాజు మామ హోసూరు నుంచి తన తక్కెడ తెచ్చేవాడు. ఒక పళ్లెంలో ముడుల దండ. రెండో పళ్లెంలో ఇరవై మూడు తులాల రాళ్లు, వాటితో పాటు అన్నే ఉత్త పసుపు గుడ్డలు, అంతే పొడుగు తాడు. గుడ్డల బరువు గుడ్డలకు పోతే మిగిలేది వెండి బరువే కదా. బ్రిటిషు రూపాయి ఎత్తు సరిగ్గా ఒక తులం. విప్పకుండా తూచాలంటే ఇంతకంటే మంచి ఉపాయం నాకు ఇప్పటికీ తోచదు.

ముల్లు చూసి చెప్పే పని నాది. ఆ పని నాకు ఇప్పించింది మామే.

"యాడమ్మా మా షరాబు?" అని అరిచేవాడు. "సరోజమ్మ వచ్చి చెప్తేనే సరి. మీ మాట ఎవురికి కావాల?"

"దాని కండ్లు తక్కెడ మీద, ముక్కు వడల మీద ఉండాదప్పా" అనేది పెద్దత్త.

"ఉండనీ. వడలు తిన్నా లెక్క తప్పదు నా కోడలు."

నేను నేల మీద బోర్లా పడుకొని, కన్ను ముల్లుకు సమంగా పెట్టి, ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ముల్లు ఊగి ఊగి నిలబడేది. "సరి!" అని అరిచేదాన్ని. ఇంటిల్లిపాదీ గోవిందా అనేవాళ్లు. అవ్వ దండను కళ్లకద్దుకొని పెట్టెలో పెట్టేది. మామ నా తలమీద చెయ్యి వేసి, "ఈ బిడ్డ సరి అనిందంటే దేవుడు వచ్చినా మార్చలేడు" అనేవాడు. ఏడాదంతా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసేదాన్ని.

మామ సైకిల్ మీద అత్తిముగం నుంచి ఇటు కర్ణాటక పల్లెల దాకా తిరిగి పాత ఇత్తడి, కంచు కొనేవాడు. స్టీలు గిన్నెలిచ్చి పాత బిందెలు తెచ్చేవాడు. వాటితో పాటు పాత నాణేలూ వచ్చేవి. ఆదివారం గోనెపట్టా పరిచి వాటిని కుమ్మరించి నాకు పాఠం చెప్పేవాడు. రాణి మెడ కింద పూలు ఎన్ని అరిగాయో చూడు. సంవత్సరం కింద చుక్క ఉంటే బొంబాయి టంకసాలది, లేకుంటే కలకత్తాది. చింతపండు పెట్టి తోమిన రూపాయి తళతళలాడుతుంది, దాని విలువ సగం తోమిన నీళ్లలో పోయినట్టే. నల్లగా ఉండేదాన్ని నల్లగానే ఉండనివ్వు, అది దాని వయసు. తాడు కోసం చెవి అతికించిన రూపాయి హారానికే గానీ పెట్టెకు పనికిరాదు. అన్నిటికంటే ముందు, పట్టుకోవడం. "ముఖం తాకకూడదు అమ్మణ్ణీ. మన చెమట వెండిని తింటాది. ఇట్ల పట్టుకో" అని బొటనవేలూ చూపుడువేలూ అంచుకు ఆనించి పట్టించేవాడు. నాణెం చుట్టూ నా వేళ్లు మూసుకునేవి. బడిలో ఎవరూ నాకు ఏదీ అంత ఓపికగా చెప్పలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కల్లో బతకగలనన్న ధైర్యం ఆ గోనెపట్టా మీద వచ్చింది.

నా రూపాయిని నేను ఒక్కసారే చూశాను. రాగుల వాసనకు ఎలుక పెట్టెలో దూరి నా ముడిని కొరికేసింది. అవ్వ కొత్త గుడ్డ చుట్టబోతూ, ఎటూ బయటపడింది కదా అని నా చేతిలో పెట్టింది. కిరీటం రాజు. అంగీ మీద గొలుసు, గొలుసులో చీమంత జంతువు.

"పంది" అంది అవ్వ.

"నాకే ఎందుకవ్వా పందిని కట్టినావు?"

"పుట్టినప్పటి నుంచీ తినేదే కదే నీ పని."

అందరూ నవ్వారు, నాకు ఏడుపు వచ్చింది. మామ పక్కన కూర్చొని సముదాయించాడు. "అది పంది కాదమ్మణ్ణీ, ఏనుగు. చెక్కినోనికి తొండం సరిగ్గా రాలేదు. జనం పంది అని గొడవ చేస్తే సర్కారే వెనక్కి తీసుకునింది. మిగిలినవి తక్కువ. ఈ దండలో అందరికంటే గొప్పది నీదే, తెలుసునా?" అప్పుడు నేను కళ్లు తుడుచుకొని దాన్ని మళ్లీ చూశాను. రాజు చెవి కింద సన్నటి గంటు ఉంది. ఏ కాలపు షరాబో లోపల కూడా వెండేనా అని ఉలితో పెట్టి చూసిన గంటు. వేలిగోరు దాంట్లో ఇరుక్కునేది. అవ్వ చుట్టేసేదాకా గోరు దాంట్లోనే పెట్టుకొని కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో మిద్దె కారుతోందని ఇల్లు విప్పి పెంకు వేయించారు. పనివాళ్లు తిరిగే ఇంట్లో వెండి ఎందుకని, ఇల్లు పూర్తయ్యేదాకా ముడుపు పెట్టె హోసూరులో మామ దగ్గర పెట్టారు. పెట్టమన్నది ఎవరో నాకు గుర్తులేదు, కాదన్నవాళ్లు లేరని మాత్రం గుర్తుంది. పెరటాసికి పెట్టె వచ్చింది. "వానకు గుడ్డలు చెమ్మగిలినాయి, పైన కొత్త గుడ్డ చుట్టినానమ్మా" అని మామ అవ్వకు చెప్పాడు. నా మాటకు ఆ ఏడాది ఎప్పటికంటే ఎక్కువ మర్యాద. రెండుసార్లు చూడమన్నాడు. రెండుసార్లూ చూశాను. సరి. ఆ మరుసటి నెలే మామ సైకిల్ వదిలేసి హోసూరు బజారులో అంగడి పెట్టాడు. బేరిగై అంతా పోయి టెంకాయ కొట్టి వచ్చాం. అవ్వ ఆ సంతోషంలోనే ఇంకో రెండేళ్లు బతికింది.

అవ్వ తర్వాత ముడుపు అమ్మ దగ్గరికి, కృష్ణగిరికి వచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా పెరటాసి శనివారం తూకం చూసేది నేనే, సరి అనేది నేనే. ఫ్యాక్టరీ పని అయ్యాక, ఆదివారాలు, పాత నాణేలు తెచ్చేవాళ్లకు విలువ చెప్పడం మొదలుపెట్టాను. ఒకసారి కల్లావి నుంచి వచ్చిన ఒక తమిళ పెద్దాయన నేను పట్టుకున్న రూపాయిని నా వేళ్ల మధ్య నుంచి లాక్కొని పక్కకు తిప్పాడు. "ముఖం ఎందుకమ్మా చూస్తావు? అంచు చూడు" అన్నాడు. పాత రూపాయికి అంచు చుట్టూ ఉత్త గీతలే ఉంటాయి. యుద్ధం వచ్చి వెండి కరువైనప్పుడు ఆరో జార్జి పేరుతో సగం వెండితో రూపాయలు కొట్టారు. ఎత్తు అదే, వెడల్పు అదే. కానీ వాటి అంచు గీతల నడుమ సన్నటి గాడి ఒకటి తిరిగి ఉంటుంది. గుడ్డిదైనా గోరుతో చెప్పేయగలదు. అన్ని పాఠాలు చెప్పిన మామ ఇది ఎందుకు చెప్పలేదా అని ఆ రోజు అనుకున్నాను. పాపం ఆయనకూ తెలియదేమో, వచ్చే శనివారం నేనే చెబుదాం అనుకున్నాను. మళ్లీ, చెబితే చిన్నబోతాడేమోనని మానుకున్నాను.

పోయిన ఏడాది అమ్మ పోయింది. ఆఖరి రోజుల్లో ఆమె అడిగింది ఒక్కటే. "ఇంక కట్టేవాళ్లు లేరు సరోజా. ముడుపు కొండకు చేర్చు." కర్మంతరం రోజున మామ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "పెట్టె నాకిచ్చెయ్ అమ్మణ్ణీ. నేను పోయి హుండీలో వేసొస్తాను. నీకెందుకు ఆ శ్రమ" అన్నాడు. ఆ వయసులో ఆయనకెందుకు శ్రమ అని నేనే వద్దన్నాను. ఆ ప్రేమకు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ నీళ్లు నాకిప్పుడు గుర్తొస్తే సిగ్గవుతుంది.

వానకు పెట్టెలోకి నీళ్లు దిగి గుడ్డలు పాచిపట్టాయి. పాచి గుడ్డలతో కొండ ఎక్కకూడదని, కొత్త పసుపు గుడ్డలు సిద్ధం చేసుకొని, స్వామికి దండం పెట్టి విప్పాను. మొదటి ముడి, పురిట్లో పోయిన మొదటి బిడ్డది. ఆరో జార్జి. అలవాటు కొద్దీ గోరు అంచు మీదికి పోయింది. గాడి. రెండో బిడ్డది, గాడి. పెద్దమామది, గాడి. అమ్మది, గాడి. అయిదో ముడిలో నల్లబడిన విక్టోరియా రాణి, అంచు నున్నటి గీతలతో, పాతర నుంచి నిన్ననే తీసినట్టు ఉంది. ఆరోది మళ్లీ గాడి. అక్కణ్నుంచి చివరిదాకా గాడే. నా ముడిలోనూ అంతే, పందీ లేదు, గంటూ లేదు. దండను వెనక్కి తిప్పి అయిదో ముడి ఎవరిదో కణుపుల మీద మళ్లీ లెక్క పెట్టాను. లెక్క తప్పి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకున్నాను.

హోసూరు పోయాను. మామ అంగడి ఇప్పుడు రెండంతస్తులు. పైన ఆంధ్రా నుంచి వచ్చిన ఫ్యాక్టరీ పిల్లలు అద్దెకు ఉంటారు, "తాతగారూ" అని ఆయన్ను పిలుస్తారు. ఒకప్పుడు సైకిల్ గంట వినిపించే వీధిలో ఇప్పుడు మనిషి మాట వినాలంటే అద్దాల తలుపు మూయాలి. మూసి, ఏమీ చెప్పకుండా, అమ్మ ముడిలోని రూపాయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన రూపాయి ముఖం వైపు చూడలేదు. బొటనవేలు నేరుగా అంచు మీదికి పోయింది, గోరు గాడిని పట్టుకొని పావు చుట్టు తిరిగింది, ఆగింది. నేను అడగవలసింది అక్కడితో అయిపోయింది.

"విప్పేసినావా?" అన్నాడు.

"విప్పినాను."

రూపాయిని అటూ ఇటూ తిప్పాడు. "ఎత్తు సరిపోయింది కదమ్మణ్ణీ" అన్నాడు. "ఒక్కటి తగ్గించినానా? ఏటేటా నువ్వే కదా సరి అంటివి."

నన్ను ఎవరైనా కొట్టి ఉంటే అంత నొప్పి తెలిసేది కాదు. "అందుకేనా మామా నాకు అంచు చూపించలేదు?"

"చూపించింటే మొదటి ఏడే పట్టేసేదానివి." ఆ ముసలి ముఖం మీద ఒక్క క్షణం పాత గర్వం మెరిసింది. "నీ మాదిరి పట్టేవాళ్లు ఈ పక్కన లేరమ్మా. నేనే కదా నేర్పించింది."

ఈ మాట చిన్నప్పుడు అని ఉంటే సంతోషంతో నిద్ర పట్టేది కాదు.

"అంగడి అడ్వాన్సుకు ఎత్తుకుంటిని" అన్నాడు. "మళ్లీ పెట్టేద్దామనే. అంతలో మీ అవ్వ పోయ. రేటు పెరిగిపోయ."

"నీది ఎందుకు మార్చలేదు?"

ఆయన రూపాయిని బల్ల మీద బోర్లించాడు.

"చెప్పు మామా. అయిదో ముడి ఎందుకు వదిలినావు?"

"దేవుని సొమ్ము. ఎవుని భయం వానికి ఉంటాది కదమ్మా."

"పురిట్లో పోయిన బిడ్డలవి కూడా దేవుని సొమ్మే."

"వాళ్లు నా అన్నలు" అన్నాడు, తల వంచుకొని. "తమ్ముణ్ని ఏమీ అనుకోరులే అనుకుంటిని."

కొన్ని వారాల తర్వాత ఆయనే కబురు పెట్టాడు. పోయేసరికి బల్ల మీద ఒక వెండి కడ్డీ, దాని పక్కన చిన్న కవరు ఉన్నాయి. కాయినుకు ఎంత వెండి తక్కువో, ఇరవై రెండింటికి ఎంతో, పైసలతో సహా కట్టాడు. నేను మనసులో కట్టి చూశాను, తప్పు లేదు. తర్వాత కవరు విప్పి నా ముందుకు తోశాడు. కిరీటం రాజు. గొలుసులో పంది.

"నీది మాత్రం అమ్మలేదమ్మణ్ణీ" అన్నాడు. "నీకోసమని ఇన్నేండ్లూ దాచిపెట్టినాను. చూసుకో."

అంచులు పట్టుకొని ఎత్తాను. గాడి లేదు, నున్నటి గీతలు. ఎత్తు సరి. మోగించి చూశాను, నాదం సాగింది. నిఖార్సయిన పంది రూపాయి. సంతలో ఇప్పుడు దానికి ఎంత పలుకుతుందో నాకు తెలుసు, ఆయన ఖర్చుకు వెనకాడలేదు. చివరగా గోరును రాజు చెవి కిందికి తీసుకుపోయాను. నున్నగా ఉంది. ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి తడిమాను. ఆయనకు ఆ గంటు విలువ తగ్గించే లోపం, అందుకే మరిచిపోయాడు. నాకు అదే ఆనవాలు.

"ఇప్పుడన్నా సరి అనమ్మా" అన్నాడు మామ. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి, అది నటన అని నేను అనను. "నీ నోటితో ఒక్కసారి అను. నేను ఎక్కువ కాలం ఉండను."

నలభై ఏళ్లు ఆ మాట అడిగినప్పుడల్లా ఇచ్చాను. రూపాయిని కవరులో పెట్టి, కడ్డీ పక్కన పెట్టి, లేచాను.

"దీనికి చెవి కింద గంటు లేదు మామా."

ఆయన కవరు వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు.

ఒకప్పుడు మా ఇంట్లో ముడి విప్పకుండా ఒకరినొకరు నమ్మేవాళ్లం. ఇప్పుడు నా కొడుకు బజారులో అర తులం వెండి కొన్నా మిషన్లో పెట్టి శాతం కాగితం అడుగుతాడు, నేను ఆ కాగితాన్ని కూడా తిప్పి చూస్తాను. ఇది మంచిదో చెడ్డదో తేల్చలేను. బేరిగైలో బోర్లా పడుకొని ఊపిరి బిగబట్టిన పిల్ల మీద మాత్రం నాకు కోపం లేదు. ఆమె ముల్లును సరిగ్గానే చూసింది. ఆమెను అక్కడ పడుకోబెట్టినవాడికి ఆమె చూపు ఎక్కడి దాకా పోతుందో తెలుసు, అంతే.

మొన్న పెరటాసి మూడో శనివారం కొండకు పోయాను. స్వామికి మొక్కింది పాతర రూపాయలు. వాటి బదులు సగం వెండి వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మొక్కినదే ఉన్న ముడి దండలో ఒక్కటే ఉంది. దాన్ని కొత్త పసుపు గుడ్డలో కట్టి, హుండీ ముందు విప్పి, మునిరాజు అని పేరు చెప్పి వేశాను. రాణి రూపాయి మిగిలిన డబ్బు మీద పడిన చప్పుడు కూడా వినపడలేదు. అలా మా ఇంట్లో ఈ రోజుకు స్వామికి బాకీ లేని మనిషి ఆయన ఒక్కడే అయ్యాడు. పేరు పెట్టకముందే పోయిన ఆ ఇద్దరు బిడ్డలతో మొదలుపెట్టి, పెద్దమామ, అమ్మ, నేను, నా తర్వాతివాళ్లు, అందరం కలిసి ఇంకా కట్టవలసినవి ఇరవై రెండు.